నిజాల గోడ మీద ఆటో

ఆత్మకూరు బస్టాండు కాడ గఫార్ ఆటో ఆగిందంటే ముందు కథ దిగుతాది, ఆ తర్వాతే మనుషులు దిగుతారు. రాళ్ళమిట్టలో ఎక్కించుకున్న జనాన్ని ఆత్మకూరు చేర్చే లోపల ఆయన ఒక కథ ఎత్తుకోవాల, దాన్ని నాలుగు మలుపులు తిప్పాల, దించాల. కథ దించకపోతే జనం దిగరు. ఒకసారి కడుపునొప్పని ఆస్పత్రికి బయల్దేరిన మనిషి సగం కథలో దిగలేక అట్నే కూర్చోని, నవ్వీ నవ్వీ నొప్పి పోగొట్టుకోని, అదే ఆటోలో ఇంటికి తిరిగొచ్చేసినాడు. గిరాకీ పోగొట్టినాడని డాక్టరు గఫార్ మీద మండిపడతా ఉండాడంట. ఈ సంగతి చెప్పింది కూడా గఫారే.

ఆయన కథల్లో పెద్ద కథ చేపది. సోమశిల డ్యాం గేట్లు ఎత్తిన ఏడాది కాలవ పొంగి రోడ్డెక్కింది. ఆ నీళ్ళలో దావ తప్పిన చేప ఒకటి ఎదురొచ్చి ఆటోకి రెక్క అడ్డం పెట్టింది. ఎంత చేపంటే, తల ముందు సీట్లో పెడితే తోక ఎనక వచ్చే లారీ డ్రైవరు ఒళ్ళో పడింది. సంగం దాకా పోవాలనింది. తీసకపోయినాడు. దిగేటప్పుడు బాడుగ కింద ఒంటి మీద పొలుసు ఒకటి పీకి ఇచ్చిపోయింది. ఆ పొలుసే ఇప్పుడు గఫార్ ఇంట్లో అన్నం గిన్నెకి మూత.

ఈ కథలకి మొదటి గిరాకీ ఆయన కూతురు నిషాత్. నాలుగో తరగతి, రెండు జడలు, ఒక జడకి ఎర్ర రిబ్బను, ఇంకో జడకి ఏది దొరికితే అది. నాయన్ని అబ్బా అని పిలుస్తాది. సందేళ ఆటో ఇంటి ముందర ఆగగానే ఎనక సీట్లోకి ఎక్కి, బాసింపట్టు వేసుకోని కూర్చోని, "ఈ రోజు ఎవురెక్కినారబ్బా" అని అడుగుతాది. ఊరూరూ తిరిగి గఫార్ ఎంతమందిని నవ్వించినా, ఆ పిల్ల నవ్వితేనే ఆయనకి ఇల్లు చేరినట్టు. లోపల మిషను కుట్టుకునే భార్య జీనత్ మాత్రం, "ఆటోకి బ్రేకులు వేయించినావు, నోటికి ఎప్పుడు వేయిస్తావు" అంటాది.

అట్టాంటి ఇంటికి ఒక గురువారం సందేళ కాగితం ఒకటి తిరిగొచ్చింది.

రాళ్ళమిట్ట బడికి సారా టీచర్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆత్మకూరు నుంచి దినామూ గఫార్ ఆటోలోనే వస్తాది. వచ్చినప్పటి నుంచి ఆయమ్మ పిల్లోళ్ళ చేత పాఠం పుస్తకం ఒకటే కాకుండా, కంటికి ఆనిన అక్షరమంతా చదివిస్తా ఉండాది. ఎరువుల సంచి, మాత్రల అట్ట, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, ఏదైనా సరే. "కథలు మీకు ఇంట్లోనే వస్తాయి. లోకంలో ఉండేదాన్ని ఉన్నట్టు చదివేది, ఉన్నట్టు రాసేది బళ్ళో నేర్చుకుందాం" అనింది.

ఆ చదువు ఊరి మీద పడింది. మూడో తరగతి పిల్ల ఒకతి కామయ్య అంగట్లో బిస్కెట్ పాకెట్ కొని, ఆడే నిలబడి అట్ట మీది తేదీ చదివి, "మామా, ఇది పోయిన ఉగాదికే చచ్చిపోయింది" అని తిరిగి ఇచ్చేసింది. కామయ్య ఆ మధ్యాన్నం అంగడి మూసుకోని ఉన్న పాకెట్లన్నీ చదువుకున్నాడు. ఇస్కూలు వదిలినాక ఇంత చదువు ఎప్పుడూ చదవలేదని వాళ్ళావిడ చెప్పింది.

బడి వరండా గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి పురికొస కట్టి, బట్టల క్లిప్పులు తగిలించి, పైన పెద్దక్షరాలతో "నిజాల గోడ" అని రాసింది టీచర్. పిల్లోళ్ళు రాసిన కాగితాలు ఆడ వేలాడాల. అయితే ఊరికే ఎక్కనియ్యదు. ప్రతి మాటకీ ప్రశ్నలుంటాయి. నువ్వు చూసినావా? చూడకపోతే ఎవురు చెప్పినారు? చెప్పినోళ్ళు చూసినారా? ఈ ప్రశ్నలు కూడా బడి దాటి వచ్చేసినాయి. కొళాయి కాడ ఎవురన్నా "వాళ్ళింట్లో ఏందో జరిగిందంట" అని ఎత్తుకుంటే, పక్కన బిందె పట్టుకున్న పిల్ల తలెత్తి "నువ్వు చూసినావా పిన్నీ" అంటాది. పాపం, కొళాయి కాడ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడకుండా పోయింది.

వచ్చే శనివారం కాక ఆ పై శనివారం బళ్ళో అమ్మానాయన్ల మీటింగు. ఆ లోపల ప్రతి పిల్లా వాళ్ళింట్లో జరిగే పని గురించి ఒక కాగితం రాసి గోడెక్కించాల. నిషాత్ ఇంటికొచ్చి అబ్బాని అడిగింది. గఫార్‌ని అడగడమంటే గేట్లెత్తడమే గదా. చెప్పినాడు. ఆ పిల్ల అక్షరం పోకుండా రాసుకోని పోయి క్లాసులో చదివింది.

"మా ఆటోకి దావ తెలుసు. ఒక దినం మా అబ్బా నిద్రపోయినాడు. ఆటో దానంతట అదే ఆత్మకూరు పోయి, జనాన్ని దించి, కొత్త గిరాకీ ఎక్కించుకోని వచ్చింది."

పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు. టీచర్ కూడా నవ్వింది. నవ్వి, "ఇది నువ్వు చూసినావా నిషాత్?" అనింది.

"లేదు టీచర్."

"ఎవురు చెప్పినారు?"

"మా అబ్బా."

"ఆయన చూసినాడా?"

నిషాత్ రొంతసేపు ఆలోచించింది. "ఆయన నిద్రపోతా ఉన్నాడు టీచర్."

క్లాసు పగలబడి నవ్వింది. ఇందాకటి నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. ఆ తేడా నిషాత్‌కి చెవుల్లో వేడిగా తెలిసింది. టీచర్ కాగితం తీసుకోని, "కథ బో బాగుండాది. దీన్ని కథల పెట్టెలో పెడదాం. గోడకి ఇంకోటి రాసుకోని రా" అనింది. నిషాత్ పెట్టెలో వెయ్యనీకుండా కాగితం ఇంటికి తెచ్చేసుకుంది.

ఆ సందేళ ఆటో ఆగినా పిల్ల ఎక్కలేదు. గడప మీద నిలబడి ఉండాది.

"అబ్బా, నువ్వు నిద్రపోతా ఉంటే ఆటో పోయిందని నీకెట్టా తెలుసు?"

గఫార్‌ని పోలీసోళ్ళు అడిగినారు, ఆర్టీవో ఆఫీసోళ్ళు అడిగినారు, ఫైనాన్సోళ్ళు అడిగినారు. ఇట్టాంటి ప్రశ్న ఎవురూ అడగలేదు.

"లేసి చూస్తే కొత్త జనం కూర్చోని ఉండారు గదా తల్లీ."

"వాళ్ళని అడిగినావా?"

"అడిగేలోపల దిగి పోయినారు."

నిషాత్ లోపలికి పోయి అన్నం గిన్నె మూత తెచ్చింది. తిప్పింది. అంచు మీద ఆత్మకూరు సామాన్లంగడి పేరు కొట్టి ఉండాది. వేలు పెట్టుకోని అక్షరం అక్షరం చదివింది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

పిల్ల అరవలేదు, అలగలేదు. మూత తీసకపోయి గిన్నె మీద పెట్టొచ్చి, "ఇంక నువ్వు చెప్పొద్దులే అబ్బా. సోమవారం ఆటోలో వచ్చి నేనే చూసుకుంటా" అనింది.

గఫార్ ఆటోలో కూర్చోని అద్దంలోకి చూసినాడు. ఎనక సీటు ఖాళీగా ఉండాది. అంత చిన్న ఆటో, ఆ సందేళ మైదానం మాదిరి కనపడింది ఆయనకి.

*

సోమవారం తెల్లారి మొదటి ట్రిప్పులో నిషాత్ ఆత్మకూరు వచ్చింది. బడి బట్టలు వేసుకోని, అట్ట మీద కాగితం పెట్టుకోని, పెన్సిల్ మెడలో దారానికి కట్టుకోనుంది. తిరుగు ట్రిప్పుకి జనం ఎక్కేటప్పుడు కింద నిలబడి చూసింది.

ఆటోలో జనాన్ని సర్దేది మామూలు పని కాదు. గఫార్ ముందు మాలకొండమ్మని ఎక్కించినాడు. మాలకొండమ్మ తెల్లారి ఆకుకూరల తట్టతో పోయి, ఖాళీ తట్టతో తిరిగొచ్చే మనిషి. మంచి భారీ మనిషి. ఆమె కూర్చున్నాక మిగిలిందే సీటు. ఒకపక్క మూలకి సారా టీచర్, ఇంకోపక్క ఇద్దరు. ముగ్గురి సీట్లో నలుగురు పట్టాలంటే ఒకరు ఎనక్కి ఆనుకోవాల, పక్కనోళ్ళు ముందుకి జరగాల, మళ్ళీ ఆ పక్కనోళ్ళు ఎనక్కి. ఎదురుగా చెక్క పలక మీద నాట్లకొచ్చే ఆడకూలీలు నలుగురు. అటు మోకాళ్ళలోకి ఇటు మోకాళ్ళు, దువ్వెనలో దువ్వెన గుచ్చినట్టు. కాళ్ళ కింద పిచ్చయ్య ఎరువుల సంచి. పిచ్చయ్య ముందర, డ్రైవరు పక్కన. ఆయనకి సగం సీటు, మిగతా సగం గాలి. పలకకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆటో ఎనక డిక్కీ మీద ముగ్గురు కాళ్ళు వేలాడేసుకోని, పోయిన దావని చూసుకుంటా కూర్చుంటారు.

నిషాత్ అబ్బా మోకాళ్ళ మధ్య నిలబడింది. ఆటో కదిలింది.

"మాలకొండమ్మ అవ్వనే ముందు ఎందుకు ఎక్కించినావబ్బా?"

"అదా తల్లీ," అని గఫార్ గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి ఈమెని చివర్లో ఎక్కిస్తే ఆటో ముందు చక్రం లేసి..."

పెన్సిల్ ఆగిపోయింది. పిల్ల తలెత్తి చూసింది.

గఫార్ చక్రాన్ని గాల్లోనే వదిలేసి మింగేసినాడు. "బరువు మధ్యలో ఉంటే మలుపులో బండి వంగదు" అన్నాడు.

పెన్సిల్ కదిలింది.

ఉన్నదున్నట్టు చెప్తే ఆయనకి ఉప్పులేని కూడు తిన్నట్టుంది. జనానికి కూడా అట్నే ఉంది. మాలకొండమ్మ ఎనకనించి, "ఏందిరా గఫారూ, నోట్లో పుండు లేసిందా? ఈ రోజు కథ లేదే" అనింది.

"పరీక్ష జరగతా ఉండాదవ్వా" అన్నాడు గఫార్.

మూలలో సారా టీచర్ సంచి ఒళ్ళో పెట్టుకోని బయట పొలాల్ని చూస్తా ఉండాది. నవ్వుతా ఉందో ఏమో, మాలకొండమ్మ భుజం అడ్డం.

పిల్ల అడగతానే ఉంది. పిచ్చయ్య తాత వంతెన కాడ ఎందుకు దిగినాడు? నడిచొచ్చి మళ్ళీ ఎందుకు ఎక్కినాడు? ఎనక కూర్చున్నోళ్ళకి గుంత వస్తా ఉందని ఎట్టా చెప్తావు? గఫార్ చెప్పినాడు. గుంతకి ముందు హారన్ రెండుసార్లు కొడితే ఎనకోళ్ళు పట్టుకుంటారు. క్లచ్చు వైరు తెగేముందు సన్నంగా కీచుమంటాది. చలికాలం పొద్దున బండిని కిక్కు కొట్టేముందు రొంత ముందుకి ఎనక్కి ఊపాల. ఊరు దగ్గరపడే కొద్దీ ఆ పిల్ల అడక్కముందే చెప్పేస్తా ఉండాడు. తనకి ఇన్ని తెలుసని ఆయనకే తెలీదు. ఆటో బడి ముందర ఆగినప్పుడు ఆయనే, "ఇంకేమన్నా అడుగుతావా" అన్నాడు.

"చాలబ్బా. ఇంక బొమ్మ వేసుకోవాల" అని దిగి పోయింది.

*

శుక్రవారం మధ్యాన్నం మీటింగు కోసం ఆత్మకూరు నుంచి కుర్చీలు తెచ్చింది గఫారే. నాలుగు కుర్చీలు తలమీద పెట్టుకోని వరండా ఎక్కినాడు. గోడ చూసినాడు.

గఫార్‌కి అంకెలొస్తాయి, బస్సు బోర్డులొస్తాయి, అంతకు మించి చదువు లేదు. అయినా బొమ్మకి చదువెందుకు. గోడకి నడిమధ్యలో పెద్ద కాగితం మీద ఆటో ఉండాది. పైకప్పు తీసేసి, ఆకాశంలోనించి చూసినట్టు వేసింది. లోపల గుండ్రంగా తలకాయలు. ప్రతి తలకాయ నుంచీ ఒక బాణం, బాణం చివర ఒక పేరు. ముందర మీసాలతో తను. తలకాయలు లెక్కపెట్టుకున్నాడు. తనని వదిలేస్తే పద్నాలుగు. ఒక్కటి కూడా పోలేదు. కుర్చీలు దించకుండా అట్నే నిలబడి మురిసిపోయినాడు.

"రేపు మీరు తప్పకుండా రావాల గఫారన్నా" అనింది సారా టీచర్, చాక్‌పీసు చెయ్యి దులుపుకుంటా. "ఎంఈఓ కోటేశ్వర్ సార్ వస్తారు. కొత్త ఎస్సై గారు కూడా వస్తా ఉండారు, రోడ్డు భద్రత గురించి మాట్లాడేదానికి."

పై కుర్చీ జారి గఫార్ కాలి మీద పడింది.

"టీచరమ్మా, ఒక్క దినం. రేపు ఒక్క దినం దీన్ని దించేసి, సోమవారం మళ్ళీ తగిలించండి."

"కాగితం నాది కాదన్నా, నిషాత్‌ది. ఆ పిల్లని అడగండి. సరేనంటే దించుదాం."

"పిల్లని అడిగేదేముంది, టీచర్ మీరు. మీరు దించితే ఎవురడుగుతారు?"

"నేనైతే అస్సలు దించకూడదు" అనింది సారా టీచర్. అని, ఒకసారి కాగితం పక్క చూసి, కుర్చీలు సర్దుకునేదానికి పోయింది. ఆ మాటకి అర్థం ఏందో గఫార్‌కి తట్టలేదు.

ఇంటికి పొయ్యేలోపల మాటలు పేర్చుకున్నాడు. గుమ్మంలోనే నిషాత్ ఎదురొచ్చింది. "చూసినావా అబ్బా? టీచర్ నడిమధ్యలో పెట్టింది. నువ్వు చెప్పిందాంట్లో ఒక్కదాని పక్కన కూడా ప్రశ్న గుర్తు పెట్టలేదు తెలుసా?"

పేర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే కూలబడినాయి.

"చూసినా తల్లీ. నా మీసం రొంత పెద్దగా వేసినావు."

"ఉన్నంతే వేసినా."

జీనత్‌కి సంగతి తెలిసి, "రేపు ఉదయగిరి గిరాకీ తగిలిందని చెప్పి పొద్దున్నే పో. నువ్వు కనపడకపోతే ఆటో ఎవురిదని అడిగేదెవురు" అనింది. అది మంచి మాటే. గఫార్ కూడా అదే అనుకోని పడుకున్నాడు. తెల్లారి పిల్ల రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టుకోని, "అబ్బా, నువ్వు నా కాగితం పక్కనే నిలబడాల" అనింది. ఉదయగిరి గిరాకీ ఆడే తప్పిపోయింది.

*

ఎస్సై కుర్రోడు, ఇస్త్రీ మడత ఇంకా నలగని మనిషి. మాట్లాడేముందు గోడంతా చదువుతానని లేసినాడు. ఎంఈఓ కోటేశ్వర్ సార్ పక్కనే నడిచినాడు. "మా అమ్మ దోసె ఎట్టా తిప్పుతాది." "గొర్రె బొచ్చు ఎట్టా కత్తిరిస్తారు." ఒక్కోటి చదివి ఎస్సై తలూపతా ఉండాడు. నడిమధ్యకి వచ్చి ఆగినాడు. పైకి చదివినాడు.

"మా అబ్బా ఆటోలో పద్నాలుగు మంది ఎట్టా పడతారు. ముందు మాలకొండమ్మ అవ్వ ఎక్కాల. బరువు మధ్యలో ఉంటే మలుపులో బండి వంగదు. ఒకరు ఎనక్కి ఆనుకోవాల, పక్కనోళ్ళు ముందుకి జరగాల. పిచ్చయ్య తాతకి సగం సీటు. వంతెన కాడ పోలీసులుంటే పిచ్చయ్య తాతా ఇంకొందరూ ముందే దిగి నడిచొచ్చి మళ్ళీ ఎక్కుతారు. ఇది నేను చూసినాను."

ముందు వరసలో ఉన్న పిచ్చయ్య తువ్వాలు భుజం మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. మనవరాలి కోసం వచ్చిన ముసలాయన, ఇట్టా బాణం తగులుతాదని అనుకోలేదు. లేసి నిలబడినాడు.

"పిల్లోళ్ళు గదా సార్. ఈ పిల్లకి నాయన పోలిక. వాళ్ళ నాయన ఆటోలో చేపని ఎక్కించినోడు."

అందరూ ఒక్కసారి నవ్వేసినారు. బతికినాంరా దేవుడా అనే నవ్వు. మాలకొండమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఎస్సై కూడా నవ్వినాడు. "నేనూ అదే అనుకున్నా. ఆటోలో పద్నాలుగు మంది ఏంది, యాడ కూర్చుంటారు. ఊహ బాగుండాది పాపా."

కోటేశ్వర్ సార్ కాగితానికున్న క్లిప్పు మీద చెయ్యి వేసినాడు. "ఊహ మంచిదేనమ్మా సారా. అయితే నిజాల గోడ మీద ఇట్టాంటివి పెట్టకూడదు."

నిషాత్ ఏడవలేదు. తలెత్తి అబ్బా పక్క చూసింది. ఆటోలో పెన్సిల్ ఆపి చూసినప్పటి చూపే అది.

గఫార్ నోరు మూసుకోని ఉంటే అయిపొయ్యేది. ఊరంతా కలిసి ఆయన్ని గట్టెక్కించేసింది. కాకపోతే పిల్లని తొక్కుకోని గట్టెక్కాల.

"తియ్యొద్దు సార్" అన్నాడు. "అది నిజం."

ఇంకా పెద్ద నవ్వు లేసింది. "ఎత్తుకున్నాడురా గఫారు" అన్నారెవురో. మాలకొండమ్మ ఆయన చొక్కా పట్టుకోని కిందికి లాగింది. "కూర్చో నాయనా, తప్పిపోయింది గదా."

"పోనీలే భాయ్, బిడ్డని ఎనకేసుకొస్తా ఉండావు, మంచిదే" అన్నాడు ఎస్సై.

"అల్లా మీద ఒట్టు సార్."

"చేపప్పుడు కూడా ఒట్టేసినావు గదరా" అన్నాడు పిచ్చయ్య.

చేప సీటెక్కిందంటే నమ్మినట్టు తలూపిన జనం, ఆటో సొంతంగా తిరిగిందంటే చప్పట్లు కొట్టిన జనం, ఇప్పుడు ఉన్నమాట చెప్తే ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నిజాన్ని నిలబెట్టేదానికి గఫార్ కాడ మాటలు లేవు. ఆటో ఒకటే ఉండాది.

"అయితే రండి సార్, చూపిస్తా."

జనమంతా బడి వాకిట్లోకి వచ్చినారు. గఫార్ ఆటోని నడిమధ్యకి తెచ్చి ఆపినాడు. ఎస్సై కాగితం చేతిలో పట్టుకోని ఎదురుగా నిలబడినాడు.

"అవ్వా, ఎక్కు" అన్నాడు గఫార్.

"నన్ను జైల్లో పెట్టిస్తావేందిరా?"

"మలుపు లేదులే, ఊరికే కూర్చో."

మాలకొండమ్మ గొణుక్కుంటా ఎక్కింది. ఆమె కూర్చుంటే ఆటో హుమ్మని ఒకసారి దిగి నిలబడింది. ఆ చప్పుడు వినగానే జనం కాళ్ళు వాటంతట అవే కదిలినాయి. అలవాటు గదా. ఎవురూ చెప్పకుండానే ఒకరు ఎనక్కి ఆనుకున్నారు, ఇంకొకరు ముందుకి జరిగినారు. నాట్ల కూలీల చోట్లో పిల్లోళ్ళ అమ్మలు ఎక్కినారు, జీనత్ కూడా మొగుణ్ణి తిట్టుకుంటా పలక మీద కూర్చుంది. డిక్కీ మీద ముగ్గురు కాళ్ళు వేలాడేసినారు. ఎస్సై బాణం వెంబడి వేలు పోనిచ్చి, "పిచ్చయ్య తాతంటే మీరేనా" అన్నాడు. పిచ్చయ్య పోయి సగం సీట్లో, సగం గాల్లో కూర్చున్నాడు.

కోటేశ్వర్ సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఎస్సై లెక్కపెట్టినాడు. చుట్టూ తిరిగి మళ్ళీ లెక్కపెట్టినాడు. "ఒకరు తగ్గినారు. ఎనక సీటు ఈ మూల ఎవురు?" అని కాగితం చూసుకోని, బాణం చివర పేరు చదివి, గొంతు తగ్గించినాడు. "సారా టీచర్."

అందరూ టీచర్ పక్క చూసినారు. కోటేశ్వర్ సార్ కూడా చూసినాడు.

సారా టీచర్ చేతిలోని చాక్‌పీసు నిషాత్ చేతికిచ్చింది. వరండాలోనించి చేతిసంచి తెచ్చుకుంది. ఆటో ఎక్కి, మూలకి జరిగి, సంచి ఒళ్ళో పెట్టుకోని కూర్చుంది. కూర్చున్నాక దినామూ కూర్చునేటట్టే రొంత ముందుకి జరిగింది. మాలకొండమ్మ భుజం ఆ సందులోకి సరిగ్గా సర్దుకుంది.

నేనైతే అస్సలు దించకూడదు అని ఆయమ్మ ఎందుకనిందో గఫార్‌కి అప్పుడు తట్టింది.

ఎస్సై ఆటోనీ బొమ్మనీ మార్చి మార్చి చూసినాడు. తర్వాత కాగితం నిషాత్‌కి తిరిగిచ్చి, వంగి, "చూడకుండానే దీన్ని ఊహ అన్నానమ్మా. నాదే తప్పు" అన్నాడు. లేసి గఫార్ పక్క తిరిగినాడు. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు. "ఇట్టాంటి పనితనం నేనెప్పుడూ చూళ్ళేదు భాయ్. మళ్ళీ చూడకూడదు. సోమవారం నుంచి ముగ్గురు. నాలుగో మనిషి కనపడితే ఆటో స్టేషన్ కాడ ఉంటాది."

"సరే సార్."

ఎస్సై రాసుకోనొచ్చిన ఉపన్యాసం జేబులోంచి తియ్యనే లేదు. ఆటో బొమ్మ పట్టుకోనే, బండి వంగితే ముందు ఎవురు పడతారు, డిక్కీ మీదోళ్ళకి ఏమవుతాది, సగం గాల్లో కూర్చున్న ముసలాయన కథేంది అని అడిగినాడు. తలకాయల పేర్లు తెలిసినవి గదా, ఎవురూ ఆవలించలేదు. పొయ్యేటప్పుడు, "ఈ కాగితం నేను తీసకపోవచ్చా" అన్నాడు.

టీచర్ నిషాత్ పక్క చూసింది.

"అది గోడది సార్" అనింది నిషాత్. "ఫోటో తీసుకోండి."

*

సోమవారం పొద్దున నిషాత్ మళ్ళీ ఆత్మకూరులో ఆటో కాడ నిలబడి ఉండాది. మెడలో పెన్సిల్. తిరుగు ట్రిప్పు. గఫార్ మంచి బుద్ధిగానే సర్దినాడు. పలక పీకి ఇంట్లో పెట్టేసొచ్చినాడు. డిక్కీ ఖాళీ. అయినా జనం ఉంటారు గదా, పనులుంటాయి గదా.

"ఎంతమందని రాస్తావు తల్లీ?" అన్నాడు, కిక్కు మీద కాలు పెట్టి.

"ఆరు."

"ముగ్గురని రాయి."

"ఆరు మంది ఉండారు గదబ్బా."

"ఎస్సై ముగ్గురన్నాడు గదా."

"ఆయనన్నాడు. నేను చూసినాను" అనింది నిషాత్. "ముగ్గురని రాయాలంటే ముగ్గుర్నే ఎక్కించు."

గఫార్ కాలు కిక్కు మీద నుంచి తీసినాడు. ఎనక్కి తిరిగి జనాన్ని చూసినాడు. జనం ఆయన్ని చూడకుండా పైకప్పు చూస్తా ఉండారు.

"పిచ్చయ్య మామా, రొంత దిగు. మీరిద్దరు కూడా అమ్మా. ఈణ్ణే ఉండండి, వీళ్ళని దించేసి మళ్ళీ వస్తా."

"ఒరే గఫారూ, ఈ పిల్లకి పెన్సిల్ ఎవురిచ్చినార్రా?" అన్నాడు పిచ్చయ్య, సంచి దించుకుంటా.

"నేనే" అనింది మూలలోనించి సారా టీచర్.

మాలకొండమ్మ మాత్రం కదల్లేదు. "నేను లేకపోతే బండి వంగుతాది, రాసుండాది గదా" అనింది.

ముగ్గురూ కింద నిలబడేదాకా నిషాత్ ఆగింది. అప్పుడు రాసింది. గోడ మీది కాగితాన్ని చించలేదు, కొట్టెయ్యలేదు. దాని కింద అతికించేదానికి చిన్న చీటీ అది. "పైన రాసింది పోయిన వారం వరకు నిజం. ఈ సోమవారం ముగ్గురు. ఇది నేను చూసినాను." రాసి, మెడలోని దారం తీసి, పెన్సిల్ సంచిలో పెట్టి, జిప్పు లాగింది.

ఆటో కదిలింది. ఎనక సీట్లో ముగ్గురే ఉంటే అందరూ ఎనక్కి ఆనుకోవచ్చని టీచర్‌కి ఆ రోజే తెలిసింది. వంతెన కాడికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పబ్బా" అనింది నిషాత్.

"ఏం చెప్పాల? క్లచ్చు వైరు సంగతి చెప్పేసినా గదా."

"అది కాదు. చేప. సంగంలో దిగినాక యాడికి పోయింది?"

గఫార్ అద్దంలో పిల్ల మొహం చూసినాడు. ఎనక మాలకొండమ్మ ముందుకి వంగింది. ఆమె పక్కన టీచర్ కూడా వంగింది.

"నువ్వు చూసినావా అని అడుగుతావేమో."

"పెన్సిల్ లోపల పెట్టేసినా గదా."

గఫార్ హారన్ రెండుసార్లు కొట్టినాడు. ముందర గుంతేమీ లేదు.

"సంగంలో అది యాడ దిగింది తల్లీ," అన్నాడు. "వంతెన కాడ పోలీసులుండారని, ముందే దిగి నడిచొచ్చి మళ్ళీ ఎక్కింది."